వీధంతటికీ కరెంటిచ్చిన చెయ్యి

కటింగ్ మాస్టరు గొంతు సవరించుకున్నాడంటే మా వీధి దర్జీ దుకాణంలో మిషన్ల చప్పుడు దానంతట అదే తగ్గిపోతుంది. ఆ రోజు నేను వెళ్లింది మనవరాలి బడి గౌను అంచు దింపించడానికి. చిటికెలో అయ్యే పని. అయినా భోజనాల వేళ దాకా ఆ బెంచీ మీదే కూర్చుండిపోయానంటే తప్పు నాది కాదు, మాస్టరు నోటిది.

ముందు ఎవరెవరున్నారో చెప్పేస్తాను. బల్లకి ఆ చివర కటింగ్ మాస్టరు, ఈ చివర ఆయన భార్య. ఆవిడ కాజాలు కుడుతుంది, దుకాణంలో అందరికీ వదిన. గోడవారగా ఇస్త్రీ తాత. వెనకాల మిషన్లు తొక్కేవాళ్లు. గుమ్మం దగ్గర మెడలో టేపు వేసుకుని ఓనరుగారు. బల్ల మధ్యలో నీలం రంగు గుడ్డ తానులు, ఒకదాని మీద ఒకటి, మనిషి ఛాతీ ఎత్తుకి. అవన్నీ బడిపిల్లల యూనిఫాంలు కావాలి.

ఇప్పుడు అసలు చిక్కు. ఎండాకాలానికి ముందు మాస్టరు పై అరలోంచి తాను దింపబోయి స్టూలు మీంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. సిమెంటు కట్టు వేశారు, విప్పారు, ఆ తర్వాత చెయ్యి కుదురుకోవడానికి ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించారు. మళ్లీ దుకాణానికి రావడం ఆ రోజే. ఈలోగా పక్క వీధిలో ఒకాయన కరెంటుతో గుడ్డ కత్తిరించే మిషను కొన్నాడు. తానులు అక్కడికి పంపేద్దామా అని ఓనరుగారు ఊగిసలాడుతున్నారు. మధ్యాహ్నం వ్యాను రమ్మని కబురు కూడా పెట్టారు. గుడ్డ ఒకసారి అటు వెళ్లిందంటే ఇటు మాస్టరుతో పనేముంటుంది? ఆ మాట అక్కడ అందరికీ తెలుసు.

టీ వచ్చింది. మాస్టరు గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నాడు. కుడి చెయ్యి బల్ల కిందే ఉంది. నేను చూశాను.

"చెయ్యెలా ఉంది మాస్టారూ? ఆసుపత్రిలో ఏమన్నారు?" అన్నారు ఓనరుగారు.

"కాస్త నయం" అని ఉంటే సరిపోయేది. ఆ రెండు ముక్కలూ మాస్టరు నోటికి చాలవు.

"ఏమంటారు ఓనరుగారూ, మామూలే. సైకిలు బ్రేకు లాంటి పిడి ఒకటుంటుంది, చేతిలో పెట్టి పిండమంటారు. ఎంత పిండితే ముల్లు అంత పైకెళ్తుంది. మామూలు మనిషిది సగం దాకా వెళ్తుందట. నాది సగం దాటి ఒక్క గీత ఎక్కింది. అంతే. నేనేం గొప్పలు చెప్పుకోవడం లేదు."

"ఒక్క గీతేనా?" అన్నాడు ఇస్త్రీ తాత.

చూడండి, ఆ ప్రశ్న అడగకూడదు. తాతకీ తెలుసు. అందుకే అడిగాడు.

"అది ఎడమ చేత్తో తాతా! కుడి చేతి సంగతి ఇంకా మొదలెట్టనేలేదు! డాక్టరమ్మ పాపం చిన్నపిల్ల, పిడి కుడి చేతికిచ్చి 'గట్టిగా పిండండి' అంది. 'అమ్మా, ఆలోచించి చెప్పండి, తర్వాత నన్నని లాభం లేదు' అన్నాను. నవ్వింది. సరే కదా అని పిండాను, మామూలుగానే, మన చిన్న పిల్లల నిక్కరు బట్ట కత్తిరించేంత. ముల్లు చివరికెళ్లి టక్కున కొట్టుకుంది. అద్దం అడ్డు లేకపోతే బయటికొచ్చి గోడ గడియారంలో దూరేదే. పిడి తీసి చూస్తే, ఇనుప పిడండీ, ఇనుము, దాని మీద నా అయిదు వేళ్లూ అచ్చు పడి ఉన్నాయి. సుద్దతో గీసినట్టు. డాక్టరమ్మ ఆ పిడిని గుడ్డలో చుట్టి లోపల దాచుకుంది."

"ఎందుకటా?"

"నా కొలతలకి!"

మిషన్ల దగ్గర నవ్వులు. వదిన మాత్రం తలెత్తలేదు. కాజా చుట్టూ దారం తిప్పుతూనే ఉంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్ద మిషను తెచ్చారు. అచ్చం మన టిచ్ బటన్ల లాంటివి నా ముంజేతికి అంటించి, వాటికి తీగలు తగిలించి, తీగలు తీసుకెళ్లి కంప్యూటరుకి పెట్టారు. 'ఇదేంటమ్మా' అంటే, 'మీ కండరంలో కరెంటు చూస్తాం' అంది. కరెంటు! విన్నారా? నా చేతిలో కరెంటు ఉందని అప్పటిదాకా నాకే తెలీదు. ఇన్నేళ్లూ నేను పట్టుకుంటే కత్తెర ఎందుకు వేడెక్కేదో అప్పుడర్థమైంది."

ఇక్కడ ఆయన్ని ఒక్క క్షణం ఆపి నేనో ముక్క చెప్పాలి. డాక్టరమ్మ అన్నది అబద్ధం కాదు. కండరం తనంతట తాను బిగుసుకోదు. "బిగుసుకో" అని నరం ఆజ్ఞ ఇవ్వాలి. ఆ ఆజ్ఞ చాలా చిన్న కరెంటు రూపంలో పోతుంది. ఎంత చిన్నదంటే, దాన్ని చూసి మిణుగురు పురుగు కూడా నవ్విపోతుంది. చర్మం మీద అంటించిన ఆ బటన్లు ఆ ఆజ్ఞల సందడిని పట్టుకుని తెర మీద గీతగా చూపిస్తాయి. అంతవరకే. కానీ మాస్టరు చేతికి "కరెంటు" అనే మాట దొరికింది. ఇక ఆగుతాడా?

"డాక్టరమ్మ ఏమందంటే, 'సగం దాకా పిండండి, అక్కడే పట్టి ఉంచండి. నేను చెప్పాక వదిలేయండి. కాసేపు విశ్రాంతి. మళ్లీ పిండండి. మళ్లీ విశ్రాంతి.' విశ్రాంతా! ఓనరుగారూ, మీరు చెప్పండి, ఈ బల్ల దగ్గర నేనెప్పుడైనా గీత మధ్యలో కత్తెర ఆపానా? ఆపితే ఏమవుతుంది?"

"గాటు పడుతుంది" అన్నారు ఓనరుగారు, అప్రయత్నంగా.

"గాటు పడుతుంది! అంచు పాడవుతుంది! తెర మీద చూస్తే నా గీత పిండినప్పుడు నిండుగా ఉంది, విశ్రాంతి అనగానే కత్తిరించి పారేసినట్టు పడిపోతోంది. ఎంత అవమానం! మన చేతి కింద అలాంటి అంచు ఎవరైనా చూశారా? అందుకని నేను విశ్రాంతి తీసుకోలేదు. ఆవిడ 'వదలండి' అన్నా చేతిని ఆడిస్తూనే ఉన్నాను. గీత ఏమైందో తెలుసా? లావెక్కింది. పిండిన కొద్దీ లావెక్కింది. మొదట దారమంత, తర్వాత నవారంత, ఆ తర్వాత నా తొడంత! తెర నిండిపోయి, గీత తెర అంచు దాటి గోడ మీదకి పాకింది. సున్నం పెచ్చులు రాలాయి."

"గోడ మీద గీత మిగిలిందా?" అన్నాన్నేను. పంతులమ్మని కదా, ఆధారం అడగడం అలవాటు.

"మర్నాడే సున్నం వేయించేశారు టీచరమ్మగారూ. వాళ్లకి పరువు సమస్య. ఇంతలో ఢామ్మని ఊరంతా కరెంటు పోయింది!"

"మాకు పోలేదే?" అన్నాడు తాత.

"ఎలా పోతుంది తాతా, నేనున్నాను కదా! అదే చెప్పబోతున్నాను. ఆసుపత్రి అంతా చీకటి. ఒక్క నా గదిలో బల్బు వెలుగుతోంది. ఎందుకు వెలుగుతోంది? తీగలు నా చేతికున్నాయి కనక. పెద్ద డాక్టరు లిఫ్టులో ఇరుక్కున్నాడు. లోపలి నుంచి తలుపు బాదుతున్నాడు. డాక్టరమ్మ నా వైపు చూసింది. కళ్లలో నీళ్లు. 'మాస్టరుగారూ, మీరే దిక్కు' అంది. నేను పిండాను. లిఫ్టు ఒక అంతస్తు లేచింది. వదిలాను, ఆగింది. పిండాను, ఇంకో అంతస్తు. కాస్త గట్టిగా పిండేసరికి పైకప్పు దాటబోయింది, మళ్లీ నేనే మెల్లిగా వేళ్లు సడలించి కిందికి దింపాను, సున్నితంగా, పట్టు బట్ట మడత పెట్టినట్టు."

"పెద్ద డాక్టరు ఏమన్నాడు?"

"ఏమంటాడు, కొలతలిచ్చి కోటు కుట్టమన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆసుపత్రి తీగ వీధి తీగకి కలిసి ఉంటుందట. వీధిలోకి పాకింది! చౌరస్తాలో దీపాలున్నాయా? నేను పిండితే పచ్చ, వదిలితే ఎర్ర. బస్సులన్నీ నా పిడికిలి చూసుకుని కదులుతున్నాయి. మన దుకాణంలో ఆ రోజు మీ మిషన్లు తొక్కకుండానే తిరిగాయా లేదా, గుర్తు తెచ్చుకోండి! తాతా, నీ ఇస్త్రీ పెట్టె ఆ రోజు మామూలు కన్నా వేడిగా లేదూ?"

"ఓ చొక్కా కాలిన మాట నిజమే" అన్నాడు తాత ఆలోచనగా. "ఇన్నాళ్లూ నా పొరపాటు అనుకుంటున్నాను."

"నీదెలా అవుతుంది, నా చెయ్యి జారింది! ఆ తర్వాత కరెంటాఫీసు వాళ్లు వచ్చారు. మోచేతికి మీటరు బిగిస్తామన్నారు. 'బాబూ, మీటరు తిరిగే వేగానికి నా మోచెయ్యి ఊడుతుంది, వద్దు' అన్నాను. 'పోనీ రాత్రిళ్లయినా విశ్రాంతి తీసుకోండి' అంది డాక్టరమ్మ. తీసుకుందామని అలా కళ్లు మూశానో లేదో ఊరంతా చీకటి. జనం కిటికీ కింద చేరి గోల. 'మాస్టరుగారూ, విశ్రాంతి తీసుకోకండి, పిల్లలు చదువుకోవాలి!' ఇక ఎక్కడి విశ్రాంతి! పిండుతూనే అన్నం తిన్నాను, పిండుతూనే నిద్రపోయాను, పిండుతూనే కలగన్నాను. ఈ చేతికి అలుపు అనే మాట తెలీదు ఓనరుగారూ. విశ్రాంతి అనేది నా డిక్షనరీలోనే లేదు!"

అని చెప్పి మాస్టరు ఎడమ చేత్తో టీ తాగాడు.

మిషన్ల వైపు నుంచి చప్పట్లు వినిపించాయి. ఓనరుగారు చప్పట్లు కొట్టలేదు. గుమ్మం దిగి, బల్ల దగ్గరికి వచ్చి, పై తాను విప్పి మడతలు వేయడం మొదలెట్టారు. ఒక మడత, దాని మీద ఇంకోటి, ఇంకోటి. గుడ్డ దుప్పటి దొంతరలా తయారైంది. పై మడత మీద సుద్దతో చొక్కా గీత గీసి, అరలోంచి పెద్ద కత్తెర తీసి దాని మీద పెట్టారు.

"ఇంకేం మాస్టారూ" అన్నారు, నవ్వు దాచుకుంటూ. "వ్యానుని వెనక్కి పంపేస్తాను. వీధికంతా కరెంటిచ్చిన చెయ్యి, విశ్రాంతి అక్కర్లేని చెయ్యి. ఈ తానులన్నీ ఏకబిగిన లాగించేయండి. మేం భోజనం చేసి వస్తాం."

మాస్టరు కత్తెర వైపు చూశాడు. కత్తెర ఆయన వైపు చూసింది. బల్ల కింద నుంచి కుడి చెయ్యి మెల్లిగా పైకొచ్చింది. మణికట్టు దగ్గర సన్నబడి, కట్టు ఉన్న మేరా రంగు తేలి, కొత్త చెయ్యిలా ఉంది. కాదనడానికి నోరు లేదు, ఆ నోరే కదా ఇప్పటిదాకా ఊరికి దీపాలు పెట్టింది. కత్తెర రింగుల్లో వేళ్లు దూర్చాడు.

"ఆగండి" అంది వదిన.

దారం పంటితో తెంపి, సూదిని జాకెట్టు భుజానికి గుచ్చుకుంది.

"నువ్వుండవే" అన్నాడు మాస్టరు. గొంతులో మాత్రం "కాస్త అడ్డుపడవే" అన్నట్టుంది.

"ఉంటాను, ఒక్క మాట చెప్పి ఉంటాను. ఓనరుగారూ, నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. కరెంటు పోలేదు. లిఫ్టు పాడై ఉంది, మెట్లెక్కి వెళ్లాం. పెద్ద డాక్టరుని మేం చూడనే లేదు. ఇనుప పిడి మీద ఈయన వేళ్ల అచ్చులు పడ్డ మాట నిజమే, పొద్దున ఇంట్లో కుట్టు మిషనుకి నూనె పెట్టి చెయ్యి కడుక్కోకుండా వచ్చారు. డాక్టరమ్మ గుడ్డతో తుడుచుకుంది."

ఇస్త్రీ తాత నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు.

"గీత లావెక్కిన మాట?" అన్నాడు మాస్టరు, మునిగిపోతూ గడ్డిపోచ కోసం చూస్తున్నట్టు.

"అది నిజం" అంది వదిన.

"చూశారా!"

"ఎందుకు లావెక్కిందో కూడా చెప్పనా? మీరు అలిసిపోయారు కనక. మీ అంతట మీరు సంబరపడి గీత వైపు చూస్తున్నారు గానీ, పక్కన ముల్లు చూశారా? గీత లావెక్కుతోంది, ముల్లు నిలబడలేక వణుకుతోంది. డాక్టరమ్మ నాతో అంది, 'చూడండమ్మా, అంతే బలానికి ఈయన చెయ్యి ఎంత ఎక్కువ కష్టపడుతోందో' అని. విశ్రాంతి ఇస్తే తీసుకోరేం! 'గాటు పడుతుంది' అంటూ బల్ల కింద ఉత్త గాలిని కత్తిరిస్తారా! ఆఖరికి ముల్లు సగానికి కూడా చేరలేదు."

మిషన్ తొక్కే వాళ్లలో ఒకరు అడిగారు, "కరెంటు పెరిగితే బలం పెరగాలి కదా వదినా, తగ్గడమేంటి?"

వదిన నా వైపు చూసింది. పాఠం నా వంతుకొచ్చింది.

"మా తరగతి గదే అనుకోండి" అన్నాను. "పొద్దున్నే నేను మెల్లిగా అడిగితే ముందు వరసలో నలుగురు చాలు, జవాబు ఖంగున వస్తుంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ నలుగురూ సోలిపోతారు. అదే జవాబు రాబట్టాలంటే వెనక వరసల వాళ్లని కూడా లేపాలి, గొంతు పెంచాలి. బయట నడిచేవాళ్లకి ఏం వినిపిస్తుంది? నా అరుపులు. 'అబ్బో, టీచరమ్మ ఎంత బాగా చెబుతోందో' అనుకుంటారు. లోపల పిల్లలు నిద్రపోతున్నారు. తెర మీద గీత నా అరుపు. ముల్లు పిల్లల జవాబు. కండరంలో కొన్ని పోగులు అలిసిపోతే నరం ఇంకొన్నిటిని లేపుతుంది, గట్టిగా కేకలేస్తుంది. అరుపు పెరుగుతుంది. జవాబు మాత్రం పెరగదు."

"మరి దానికి మందు?"

"గంట కొట్టి ఆటకి వదలడమే. తిరిగొచ్చాక మళ్లీ మెల్లిగా అడిగితే చాలు."

ఓనరుగారు వదిన మాట విన్నారు, నా మాట విన్నారు. ముఖంలో నవ్వు పోయింది. టేపు మెడలోంచి తీసి చేతికి చుట్టుకుంటూ, "అయితే చెయ్యి పనికి రాదన్నమాట" అన్నారు నెమ్మదిగా. వీధిలో వ్యాను హారను వినిపించింది.

మాస్టరు ముఖం చూడలేకపోయాను.

"నేనలా అన్నానా?" అంది వదిన లేచి నిలబడి. "మీరంతా ఈయన చెప్పిందే వింటారు, నేను చెప్పేది అయ్యేదాకా వినరు. డాక్టరమ్మ మర్నాడు మళ్లీ రమ్మంది. ఈసారి నన్ను పక్కన కూర్చోబెట్టి, 'వదలండి' అన్నప్పుడల్లా ఈయన చెయ్యి పట్టుకోమంది, గాలి కత్తిరించకుండా. పట్టుకున్నాను. పెళ్లయిన కొత్తలో కూడా అంతసేపు పట్టుకోలేదు. పిండటం, వదలడం, నేను పట్టుకోవడం. పిండిన ప్రతిసారీ ముల్లు దాదాపు మొదటిసారి ఎక్కినంత ఎత్తుకే ఎక్కింది. ఆఖరిసారి కూడా. 'ఈ చెయ్యి పని చేస్తుంది, కాకపోతే ఆగి ఆగి చెయ్యాలి, రోజులు గడిచే కొద్దీ ఆగడం తగ్గించుకోవచ్చు' అంది. ఆ మాట చెప్పండీ అంటే ఈయనకి నామోషీ. ఊరికి దీపాలు పెడతారు గానీ, 'కాసేపు ఆగుతాను' అనడానికి నోరు రాదు."

ఓనరుగారు మాస్టరు వైపు తిరిగారు. "ఆగి ఆగి కత్తిరిస్తే గాటు పడదూ?"

అది పరాచికం కాదు, పనివాడు పనివాడిని అడిగిన ప్రశ్న. మాస్టరు కత్తెర రింగుల్లోంచి వేళ్లు తీశాడు. గుడ్డ మీద సుద్ద గీత వెంట చూపుడు వేలు నడిపించాడు. భుజం, చంక వంపు, పక్క, అడుగు అంచు.

"గీత మధ్యలో ఆగితే పడుతుంది" అన్నాడు. గొంతు మామూలుగా ఉంది, కథ చెప్పే గొంతు కాదు. "మూలలో ఆగితే పడదు. మూలలో ఎలాగూ కత్తెర తిప్పాలి. భుజం దగ్గర మొదలెట్టి చంక దాకా ఒక పట్టు. అక్కడ ఆగుతాను. చంక నుంచి అడుగు దాకా ఇంకో పట్టు. మడతలు సగం తీసేయండి ఓనరుగారూ, ఇన్ని వద్దు. మెల్లిగా అయినా సరే, అంచు మాత్రం నా అంచే ఉంటుంది."

ఓనరుగారు కింది నుంచి మడతలు సగం తీశారు. గుమ్మం దగ్గరికి వెళ్లి వ్యాను అబ్బాయితో ఏదో అన్నారు. వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది.

మాస్టరు కత్తెర ఎత్తాడు. నీలం గుడ్డ కరకరమంటూ విడిపోయింది. చంక వంపు దగ్గరికి వచ్చేసరికి వేళ్లు కాస్త వణికాయి. మూల తిరిగింది. ఆగాడు. కత్తెర పక్కన పెట్టగానే వదిన వచ్చి ఆయన చేతిని బల్ల మీద బోర్లా పెట్టి, దాని మీద తన చెయ్యి ఉంచింది.

"ఎంతసేపు ఆగాలి?" అని అడిగారు ఓనరుగారు గడియారం వైపు చూస్తూ.

"గడియారం ఎందుకు ఓనరుగారూ" అంది వదిన, "ఈయన నోరుందిగా."

అంచు నేను వంగి చూశాను. బడిపిల్లల రాతల్లో తప్పులు వెతికిన కళ్లు ఇవి. గాటు దొరకలేదు. మాస్టరు నా ముఖం చూశాడు, గొంతు సవరించుకున్నాడు. మిషన్ల చప్పుడు దానంతట అదే తగ్గింది.

"ఆ రోజు ఆసుపత్రి నుంచి ఇంటికొస్తున్నానా, దారిలో సముద్రం మీద ఓడ ఒకటి ఆగిపోయి ఉంది, ఇంజను చెడిపోయిందట, కెప్టెను నన్ను చూసి..."

"ఓడ వద్దు" అంది వదిన, చెయ్యి తియ్యకుండానే. "ఈ మూల దగ్గర ఆగేది కాసేపే, అంత పొడుగు కథ పట్టదు. పడవతో సరిపెట్టండి."